సీసపు గుండ్లు - అచ్చులోని తడి

బోధన్ చుట్టుపక్కల చెరుకు పండించే పల్లెలలో అచ్చు అంటే ఏమిటో పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు. మరిగి చిక్కబడిన బెల్లపు పాకాన్ని అచ్చులో పోస్తే, చల్లారినకొద్దీ అది గట్టిపడి అచ్చు ఆకారాన్ని పొందుతుంది. ద్రవానికి తనదంటూ ఆకారం లేదు. పాత్ర ఆకారమే దాని ఆకారం. గట్టిపడిన తరువాత మాత్రం ఆ ఆకారాన్ని అది విడవదు. లోహాలను పోతపోయడంలో వున్న సూత్రం కూడ ఇదే.

మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగరు, గోదావరిపై శ్రీరాంసాగరు, ఈ రెండు నదులు కలిసే కందకుర్తి, ఊరూరా చెరువులు - ఇన్ని జలాశయాలున్న నిజామాబాదు ప్రాంతంలో చేపల వేట పాతవృత్తి. విసురువల అంచుకు, గాలపు తాడుకు కట్టే సీసపు గుండ్లు పోతపనికి మంచి ఉదాహరణ. వీటిని ఇంటివద్దనే పోసుకొనే అలవాటు చాల దేశాలలో వున్నది. పని సులభంగానే కనిపిస్తుంది. కాని బెల్లపు అచ్చుకూ సీసపు అచ్చుకూ ఒక భేదం వున్నది. అది తెలియకపోతే కళ్ళకే ముప్పు.

సీసమే ఎందుకు?

వల విసరగానే దాని అంచు అన్నివైపులా ఒకేసారి అడుగుకు చేరాలి. ఆలస్యమైతే చేప తప్పించుకొంటుంది. అందుచేత గుండు చిన్నదిగాను, బరువుగాను వుండాలి. ఒక ఘన సెంటిమీటరు నీరు 1 గ్రాము తూగితే, అంతే సీసం 11.3 గ్రాములు తూగుతుంది. ఇనుము 7.9 గ్రాములు మాత్రమే. సీసం మెత్తనిది కూడ. తాడుచుట్టూ సుత్తితో నొక్కి బిగించవచ్చు.

ఇంతకంటె ముఖ్యమైన కారణం అది సులభంగా కరగడం. ఇనుము కరగాలంటే సుమారు 1538 సెంటిగ్రేడు డిగ్రీల వేడి కావాలి. సీసానికి 327 డిగ్రీలు చాలు. పైగా సీసపు విశిష్టోష్ణం, గుప్తోష్ణం రెండూ తక్కువ. 27 డిగ్రీల వద్దనున్న ఒక గ్రాము సీసాన్ని పూర్తిగా కరిగించడానికి సుమారు 15 కేలరీలు సరిపోతాయి. అదే ఒక గ్రాము నీటిని మరిగే స్థితికి తేవడానికే 73 కేలరీలు కావాలి. అంటే సమానమైన బరువు నీరు కాగడానికి పట్టే వేడిలో అయిదోవంతుతోనే సీసం కరిగిపోతుంది! వంటపొయ్యి మీద ఈ పని సాధ్యం కావడానికి కారణమిదే. ప్రమాదం ఇంటిలోకి ప్రవేశించడానికి కారణం కూడ ఇదే.

తడి చేసే పని

బెల్లం పోసేముందు కొయ్య అచ్చులను నీటితో తడుపుతారు. అట్లా చేస్తే బెల్లం అంటుకోకుండా ఊడివస్తుంది. పొయ్యినుండి దించేటప్పుడు పాకం వేడి సుమారు 118 డిగ్రీలు. కలియబెట్టి అచ్చులో పోసేసరికి అది ఇంకా తగ్గుతుంది. కనుక అచ్చులోని తడి అలజడి చేయదు.

కరగిన సీసాన్ని పోసేది 350 డిగ్రీలకు పైబడిన వేడితో. అక్కడ అదే తడి శత్రువవుతుంది. నీరు ఆవిరిగా మారితే దాని ఘనపరిమాణం సుమారు 1700 రెట్లు పెరుగుతుంది. అచ్చు అడుగున ఒక్క చుక్క నీరున్నా, అది ఒక్క క్షణంలో చిన్న టీ గ్లాసెడు ఆవిరి అవుతుంది. పైన బరువైన సీసం మూతవలె కప్పివుండడంవల్ల ఆవిరికి దారి లేదు. అది సీసాన్నే పైకి చిమ్ముతుంది. ఆ చిమ్మిన తుంపరలు పోసేవాని ముఖంమీద, చేతులమీద పడతాయి. పాత్రలో కరగిన సీసంలోకి తడిసిన ముక్కను వేసినా ఇదే జరుగుతుంది.

ఆరిన అచ్చులోనూ నీరు

చూడడానికి పొడిగావుంటే చాలునా? చాలదు. ఇంటిలో అచ్చు చేయదలచినవారు తరచు వాడేది ప్లాస్టర్ ఆఫ్ పారిస్. ఈ పొడిని నీటితో కలిపితే అది నీటిని తనలో బంధించుకొని జిప్సంగా గట్టిపడుతుంది. జిప్సం బరువులో సుమారు 21 శాతం స్ఫటిక జలమే. అర కిలో అచ్చులో 100 గ్రాములకు పైగా నీరు దాగివున్నదన్నమాట. ఎండలో ఎన్నాళ్ళు ఆరబెట్టినా ఈ నీరు పోదు. వేడి 100 డిగ్రీలు దాటిన తరువాతనే అది విడివడసాగుతుంది. సీసం తగిలినప్పుడు జరిగేది అదే: గుండులో బుడగలు పడతాయి, అచ్చు పగులుతుంది.

దీనిని తరగతిలోనే నిరూపించవచ్చు. బడిలో వాడే సుద్దముక్కలు సాధారణంగా జిప్సంతో చేసినవే. బాగా ఎండబెట్టిన ఒక ముక్కను పొడిగావున్న పరీక్షనాళికలో వేసి, నాళిక మూతిని కొంచెం క్రిందికి వంచి, ఉపాధ్యాయుడు స్పిరిట్ దీపంపై వేడిచేయాలి. కొద్దిసేపటిలో నాళిక చల్లని భాగాన నీటిబొట్లు కనిపిస్తాయి. ఎండిన సుద్దలోనుండి నీరు!

ఈ కారణంచేతనే సీసపు పోతకు పూర్వంనుండి బలపపు రాయిని తొలిచి అచ్చులు చేసేవారు. ఆ రాయిలోనూ కొంత బంధిత జలం వున్నది గాని, అది 800 డిగ్రీలు దాటేవరకు కదలదు. ఇనుము, అల్యూమినియం అచ్చులలో అసలే లేదు. వాటి పైపూతగా చేరిన చెమ్మ పోవడానికి ముందుగా వేడిచేస్తారు.

కనిపించని విషం

తడి చేసే కీడు వెంటనే తెలుస్తుంది. సీసం చేసే కీడు అట్లా తెలియదు. కరగిన సీసంపై బూడిదరంగు తెట్టె కడుతుంది. అది సీసపు ఆక్సైడు. దానిని తీసేటప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితోను, చేతులనుండి అన్నంతోను లోపలికి చేరుతుంది. వేడి ఎక్కువైతే పొగ కూడ లేస్తుంది. శరీరం సీసాన్ని కాల్షియంగా భ్రమించి ఎముకలలో ఏళ్ళతరబడి దాస్తుంది. పిల్లల మెదడు ఎదుగుదలకు అది హాని చేస్తుంది. హాని చేయని మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కనుక వంటింట పోతపని, వంటపాత్రలో సీసం కరిగించడం ఎంతమాత్రం తగవు.

పాత బ్యాటరీలను పగులగొట్టి సీసం తీయడం మరీ ప్రమాదం. వాటిలో సల్ఫ్యూరిక్ ఆమ్లం, ఆంటిమొని వుంటాయి. వాడిన బ్యాటరీలను తిరిగి అప్పగించాలని మన దేశంలో 2001 నుండి నియమాలున్నవి.

నీటిలో జారిపోయిన గుండ్లు కూడ హాని చేస్తాయి. బ్రిటన్‌లో హంసలు గులకరాళ్ళతోపాటు వాటిని మ్రింగి చనిపోవడంచేత, 28.35 గ్రాములవరకు వుండే సీసపు గుండ్లలో అతిచిన్నవి తప్ప మిగిలినవాటి అమ్మకాన్ని 1987లో నిషేధించారు.

సీసం లేకుండా

సీసానికి బదులేదీ లేదా? ఆర్కిమిడీస్ సూత్రాన్ని అడగవచ్చు. 100 గ్రాముల సీసం సుమారు 9 గ్రాముల నీటిని తొలగిస్తుంది. కనుక నీటిలో అది 91 గ్రాములు తూగుతుంది. 100 గ్రాముల ఇనుము నీటిలో 87 గ్రాములు తూగుతుంది. తేడా నాలుగు గ్రాములే! ఇనుప గుండు కొంత లావవుతుంది, తుప్పు పడుతుంది. కాని దానిని మ్రింగిన పక్షికి సీసపు విషం ఎక్కదు. కాల్చిన మట్టిగుండు మాత్రం నీటిలో సుమారు సగం బరువు కోల్పోతుంది. సీసం ముందు అది వెనుకబడడానికి కారణం ఇదే.

పోతవిద్య నేర్పడానికి కూడ సీసం అవసరం లేదు. కొవ్వొత్తి మైనం సుమారు 60 డిగ్రీలకే కరుగుతుంది. మైనమున్న గిన్నెను వేడినీటి పాత్రలో వుంచి కరిగించి, తడిపిన ప్లాస్టర్ అచ్చులో పోయవచ్చు. అచ్చు రెండు భాగాలు సరిగా కలియడం, గాలి పోవడానికి దారి విడవడం, గట్టిపడేటప్పుడు మైనం కుదించుకొని పైన గుంట పడడం - సీసపు పోతలో కనిపించేవన్నీ ఇందులోనూ కనిపిస్తాయి. నీరు మరిగేది 100 డిగ్రీల వద్ద. మైనం దానికి చాల క్రింద, బెల్లం కొంచెం పైన, సీసం ఎంతో పైన. ఏ అచ్చును తడపవచ్చునో, దేనికి చెమ్మకూడ తగలరాదో ఈ మూడు అంకెలే చెబుతాయి.