శాసనాల ఛాయాచిత్రణము – స్పష్టత సాధించు విధము

మన నరసన్నపేటకు చేరువలో, వంశధార ఒడ్డున శ్రీముఖలింగ దేవాలయమున్నది. దాని రాళ్లపై తూర్పు గంగుల కాలపు శాసనాలున్నవి. వాటిని ఫోటో తీయువారికి మొదటి బాధ్యత స్పష్టత. బొమ్మ మసకబారిన ఒక అక్షరమును మరొక అక్షరముగా చదువుదుము. దానితో చరిత్రయే తప్పును.

ఈ పనికి డిజిటల్ రేంజ్‌ఫైండరు కెమెరాను చేపట్టినచో, ఫోకస్‌ను మన చేతితోనే కుదుర్చుకొనవలెను. రెండు కిటికీల గుండా వచ్చిన దృశ్యాలు వ్యూఫైండరు నడిమి గడిలో జంట బొమ్మలుగా కనిపించును. లెన్సు వలయమును త్రిప్పగా అవి ఒకటైనప్పుడు ఫోకస్ కుదిరినట్లు. మన రెండు కన్నులు దూరమును గ్రహించుటలోనూ ఇట్టి సూత్రమే ఉన్నది. అడ్డగీతలపై మాత్రము బొమ్మల ఎడము తెలియదు. అప్పుడు కెమెరాను కొంత వంచి చూడవలెను.

లైకా సంస్థవారి ఎం శ్రేణిలో తొలి డిజిటల్ కెమెరా ఎం8, 2006లో వచ్చినది. అందులో వెనుక తెరపై చూచుచు ఫోకస్ చేయు వీలు లేదు. 2012లో ప్రకటించిన ఎం నమూనాలో ఆ వీలు కలిగినది. అందలి సహాయాలు రెండు: దృశ్యమును పెద్దది చేసి చూపుట, స్పష్టమైన అంచులకు రంగు అద్దుట. రంగు త్వరగా దారి చూపును. కాని వెలుగునీడల భేదము హెచ్చుగా ఉన్నచోట, కొద్దిగా మసకబారిన అంచుకూ రంగు పట్టవచ్చును. కావున రంగుతో వెదకి, పెద్దది చేసి నిర్ణయించుట మేలు.

కెమెరాను స్టాండుపై నిలిపి, శాసనపు నడిమి అక్షరమును, అంచు అక్షరమును కూడ పరీక్షించిన పిదపనే మీట నొక్కుదము.