కొండదారిలో సైకిలా? పడ్డాక ఇవి చూడండి

సెలవు రోజు తెల్లవారకముందే సైకిలు సర్దుకుని వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకో, ఊరి చివరి రాళ్లగుట్టలకో బయల్దేరే కుర్రాళ్లు మీ ఇంట్లోనూ ఉండొచ్చు. ఒక్క సైకిలు మాత్రమే పట్టే సన్నటి బాట, అడ్డంగా చెట్ల వేర్లు, మెట్లలా దిగే బండలు.. దీన్నే ‘సింగిల్‌ట్రాక్’ అంటారు. గుండెకు, ఊపిరితిత్తులకు, తొడ కండరాలకు మంచి వ్యాయామం. కాబట్టి వద్దనకండి. అయితే ఈ దారిలో ఎప్పుడో ఒకసారి పడక తప్పదు. పడ్డాక ఏ దెబ్బను తేలిగ్గా తీసుకోకూడదో ఇంట్లో అందరికీ తెలియాలి.

పొట్టలో హ్యాండిల్ గుచ్చుకుంటే..

ముందుకు తూలి పడినప్పుడు హ్యాండిల్ కొన పొట్టలో బలంగా పొడుచుకోవచ్చు. పైకి చిన్న కమిలిన మచ్చ తప్ప ఏమీ కనిపించదు. పిల్లాడు లేచి మళ్లీ తొక్కుతాడు కూడా. కానీ లోపల ప్లీహమో కాలేయమో చిట్లి, నెమ్మదిగా రక్తం కారుతుండొచ్చు. పేగుకు, క్లోమానికి తగిలిన దెబ్బ ఒక్కోసారి మర్నాటికి గానీ బయటపడదు. పొట్టనొప్పి పెరగటం, వాంతులు, ఎడమ భుజంలో నొప్పి, ముఖం పాలిపోవటం, చల్లటి చెమటలు, కళ్లు తిరగటం.. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి. దారిలో తినటానికి, తాగటానికి ఏమీ ఇవ్వొద్దు. గ్యాస్ మాత్ర వేసి పడుకోబెట్టొద్దు.

తలకు తగిలితే..

ఆ రోజుకు సైకిలు పక్కన పెట్టాల్సిందే. 24 గంటలు ఒంటరిగా వదలొద్దు. పదేపదే వాంతులు, మగత, తికమకగా మాట్లాడటం, పెరిగే తలనొప్పి, ఫిట్స్, ముక్కు లేదా చెవి నుంచి రక్తమో నీరో కారటం ఉంటే ఆలస్యం వద్దు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే ఉన్నా మార్చేయాలి.

మణికట్టు నొప్పి

పడుతూ చెయ్యి ఆనిస్తాం. బొటనవేలి మొదట్లోని గుంటలో నొక్కితే నొప్పి పుడుతోందా? అక్కడి స్కాఫాయిడ్ ఎముక విరిగి ఉండొచ్చు. మొదటి ఎక్స్‌రేలో ఇది కనపడకపోవచ్చు. అందుకే చేతిని కదలకుండా కట్టి, 10-14 రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీయిస్తాం. ఈ ఎముకకు రక్తసరఫరా తక్కువ. నిర్లక్ష్యం చేస్తే అతుక్కోక, మణికట్టు శాశ్వతంగా దెబ్బతినొచ్చు.

బయల్దేరే ముందు

* హ్యాండిల్ కొనలకు రబ్బరు మూతలున్నాయా? లేకపోతే ఈరోజే పెట్టించండి.
* హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి, పట్టీ బిగించాలి.
* దిగుడులో సీటు తగ్గించి, పెడల్స్ మీద నిలబడి బరువు కాస్త వెనక్కి వేయాలి. రెండు బ్రేకులూ మెల్లగా నొక్కాలి. కొత్త బండను ముందు నడిచి చూశాకే తొక్కాలి.
* అనుమతి ఉన్న బాటలోనే, తోడుతో వెళ్లాలి. అత్యవసరమైతే 108కు ఫోన్ చేయాలి.
* మట్టి పడిన గాయాన్ని ధారగా పారే నీటితో, సబ్బుతో కడగాలి. టీటీ వేయించుకుని 5 ఏళ్లు దాటితే మళ్లీ వేయించాలి.

తిడతారన్న భయంతో చాలామంది పిల్లలు పడ్డ సంగతి దాచేస్తారు. సాయంత్రం ఇంటికి రాగానే ‘ఎక్కడైనా పడ్డావా, పొట్టకేమైనా తగిలిందా’ అని నెమ్మదిగా అడగండి. వాళ్లు వెంటనే చెప్పే ఆ ఒక్క మాటే ప్రాణం కాపాడొచ్చు.