చలికాలంలో ఉడుత పిల్లకు ఏమి పెట్టాలి?

మేడ్చల్, శామీర్‌పేట పరిసరాలు ఈ కొన్నేళ్లలో ఎంత మారిపోయాయో మనమందరమూ చూస్తూనే ఉన్నాము. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. మామిడి, జామ తోటలుండిన చోట ప్లాట్లు, అపార్టుమెంట్లు లేచాయి. చెట్టు కొట్టినప్పుడు కొమ్మల మధ్య పీచుతో, గడ్డితో, పేలికలతో అల్లిన ఉడుత గూడు కూడా నేలరాలుతుంది. ఆ కూనలను మన పిల్లలు జాలిపడి ఇంటికి తెస్తారు. అమ్మ ఆవుపాలు పోస్తుంది, నాన్న వేరుశనగ గింజలు పెడతాడు. ప్రేమకు లోటు లేదు. అయినా కొన్నాళ్లకు ఆ ఉడుత వెనుక కాళ్లు ఈడ్చుకుంటూ కనిపిస్తుంది. ఇటువంటి ఇళ్లను మేము ఈ ప్రాంతంలో ఒకటికి రెండు చూశాము. లోపమంతా తిండిలోనే ఉన్నది.

మొదట తల్లికి అవకాశమివ్వండి

దెబ్బ తగలని పిల్లను వెంటనే పెంచడానికి పూనుకోకూడదు. చిన్న అట్టపెట్టెలో మెత్తని గుడ్డ పరచి, పగటిపూట అదే చెట్టు దగ్గర, కాకులకు, పిల్లులకు అందకుండా ఉంచి, దూరం నుండి గమనించాలి. మనిషి చేయి తగిలితే తల్లి ముట్టదని అంటారు. అది నిజం కాదు. తల్లి ఉడుత నోట కరచుకొని పిల్లను వేరే గూటికి తీసుకొనిపోతుంది. సాయంత్రానికీ రాకపోతేనే మనము చేరదీయాలి.

వెచ్చదనం, తరువాతే పాలు

చల్లబడిన పిల్లకు ఏమీ తాగించకూడదు. దానికి అరగదు. గోరువెచ్చని నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన ఉంచి, ఒళ్లు వెచ్చబడిన తరువాతే పట్టాలి. ముందుగా ఓ.ఆర్.ఎస్. నీరు కొద్దిగా ఇచ్చి, ఆ తరువాత పాలు మొదలుపెట్టాలి. ఆవుపాలు, గేదెపాలు దీనికి పడవు, విరేచనాలవుతాయి. పశువుల మందుల దుకాణంలో కుక్కపిల్లల కోసం అమ్మే పాలపొడి మేలు. అది దొరికేవరకు మేకపాలు వాడవచ్చు. సూది లేని 1 మి.లీ. సిరంజితో చుక్క చుక్కగా, పిల్ల బోర్లా ఉండగా పట్టాలి. వెల్లకిల వేసి గబగబా పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ఒక్కసారికి బరువులో ఇరవయ్యో వంతు చాలును. అంటే 20 గ్రాముల పిల్లకు 1 మి.లీ. కళ్లు తెరవని కూన తనంతట తాను మూత్రం విడువలేదు. పాలు పట్టినప్పుడల్లా తడి దూదితో పొత్తికడుపు కింద మెల్లగా తుడవాలి.

వేరుశనగ ఒక్కటే ఎందుకు చాలదు?

ఎముకకు కాల్షియం, భాస్వరం రెండూ కావాలి. అయితే భాస్వరం కన్న కాల్షియం ఎక్కువగా, రెండింతలకు దగ్గరగా ఉండాలి. గింజలలో ఇది తలక్రిందులు. భాస్వరం మెండు, కాల్షియం స్వల్పం. రక్తంలో కాల్షియం తగ్గినప్పుడు శరీరం ఎముకల నుండి దానిని లాగుకొంటుంది. ఎముకలు మెత్తబడతాయి, కాళ్లు వణుకుతాయి, చిన్న దూకుకే విరుగుతాయి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. వేరుశనగలో అందులో నాలుగో వంతు కూడా లేదు.

పళ్లు వచ్చిన ఉడుతకు రోజువారీ పళ్లెం

ఉదయం ఉసిరికాయంత రాగి ముద్ద, ఉప్పు లేకుండా. దానిపై కడిగి, మరగబెట్టి, ఎండబెట్టి, మెత్తగా దంచిన కోడిగుడ్డు పెంకు పొడి చిటికెడు. లేత మునగాకు, మెంతికూర. పాలకూర తరచుగా వద్దు, అందులోని ఆక్సలేటు కాల్షియంను ఒంటికి పట్టనివ్వదు. మధ్యాహ్నం బీర, క్యారెట్, జామ ముక్క. సాయంత్రం గోరంత ఉడికిన గుడ్డు. అడవిలో ఉడుత పురుగులను కూడా తింటుంది గనుక మాంసకృత్తులు తప్పవు. వేరుశనగ ఒకటి రెండు గింజలు మాత్రమే, ఉప్పు లేనివి, బూజు పట్టనివి. బిస్కెట్లు, చాక్లెట్లు, వేపుళ్లు పూర్తిగా మానాలి. ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కనుక కొరకడానికి వేప, జామ పుల్లలుంచాలి.

డిసెంబరు, జనవరిలో మన శివార్లలో రాత్రులు బాగా చల్లబడతాయి. మన ఉడుతలు చలిదేశాల కొన్ని జంతువులవలె శీతకాలమంతా నిద్రపోవు, ప్రతిదినమూ మేయవలసిందే. రాత్రికి పంజరంలో గుడ్డలు నింపిన చిన్న పెట్టె ఉంచండి. ఉదయం నీడ కూడా ఉన్న చోట నేరుగా ఎండ తగలనివ్వండి. డి విటమిను లేనిదే కాల్షియం ఒంటపట్టదు. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ ఇందుకు పనికిరాదు.

తిరిగి చెట్టుకే

వన్యప్రాణుల రక్షణకు మన దేశంలో 1972 నుండి చట్టమున్నది. అడవి ప్రాణిని సొంతానికి పెంచుకొనుట తగదు. చేరదీసిన వెంటనే అటవీ శాఖకు తెలిపి, పశువైద్యునికి చూపించండి. 1992 నుండి పనిచేస్తున్న బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ వంటి సంస్థల సలహా అడగండి. కరిస్తే గాయాన్ని సబ్బుతో బాగా కడిగి వైద్యుని చూడాలి.

ఫిబ్రవరి చివర చలి తగ్గుతుంది, మోదుగ పూస్తుంది, మామిడి పూతకు పురుగులు చేరుతాయి. అప్పటికి గింజ తానే ఒలిచి, కొమ్మ నుండి కొమ్మకు దూకి, మనిషిని చూచి బెదిరే ఉడుతను పంజరంతో సహా చెట్టు దగ్గర కొన్ని రోజులుంచి, తలుపు తెరవాలి. మరికొన్నాళ్లు అక్కడే మేత, నీళ్లు పెట్టాలి. పిల్లలు ఏడుస్తారు, నిజమే. ఉడుతాభక్తి అని మనము తరచుగా అనుకొనే మాటకు అర్థం వారికి ఆనాడు చెప్పండి.