7 కిలోమీటర్ల నిట్టనిలువు కొండ దారి: కారు, ఫోన్ ఫీచర్లు ఎంతవరకు కాపాడతాయి?

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో డార్గో అనే చిన్న ఊరుంది. దానికి దగ్గర్లోనే బిల్లీ గోట్ బ్లఫ్ అనే ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్ ఉంది. బిల్లీ గోట్ అంటే మేకపోతు. పేరుకు తగ్గట్టే, ఈ దారి సుమారు 7 కిలోమీటర్లలోనే వెయ్యి మీటర్లకు పైగా ఎక్కేస్తుంది. తారు ఉండదు, అంతా రాళ్లు, వదులు మట్టే. ఇలాంటి చోట మనం స్పెక్ షీట్‌లో చూసి మురిసిపోయే ఫీచర్లు ఏం చేస్తాయో చూద్దాం.

లో రేంజ్ (4ఎల్)

మన దేశంలో తయారై ఆస్ట్రేలియాకూ వెళ్లిన ఐదు డోర్ల సుజుకి జిమ్నీనే తీసుకోండి. 4ఎల్ వేస్తే, అదే ఇంజిన్ స్పీడ్‌కు చక్రాలు దాదాపు సగం వేగంతో తిరుగుతాయి, వాటికి అందే టార్క్ దాదాపు రెట్టింపవుతుంది. అందుకే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకుండానే బండి నెమ్మదిగా పైకి పాకుతుంది.

హిల్ డిసెంట్ కంట్రోల్

ఎక్కడం కంటే దిగడమే అసలు పరీక్ష. చక్రాల స్పీడ్ సెన్సర్లను చూసుకుంటూ ఈ సిస్టమ్ ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేక్ వేస్తుంది. డ్రైవర్ పాదం ఒక్క పెడల్‌తో ఈ పని చేయలేదు. అయితే ఇది నేలకు లేని పట్టును తెచ్చిపెట్టదు. తడి బంకమట్టి మీద బండి జారుతూనే ఉంటుంది. కాబట్టి ముందు లో రేంజ్ ఫస్ట్ గేర్, ఆ తర్వాతే ఈ బటన్.

ఫోన్ సంగతేంటి?

జీపీఎస్‌కు మొబైల్ సిగ్నల్ అక్కర్లేదు. మ్యాప్‌కు మాత్రం డేటా కావాలి, అందుకే ముందే ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లలో శాటిలైట్ ఎస్‌ఓఎస్ 2023 మే నుంచి ఆస్ట్రేలియాలో పనిచేస్తోంది. కానీ ఆకాశం తెరిపిగా కనిపించాలి, చెట్లు, కొండలు అడ్డొస్తే మెసేజ్ ఆలస్యమవుతుంది. అందుకే చాలామంది యూహెచ్‌ఎఫ్ రేడియో, ఎమర్జెన్సీ బీకన్ కూడా వెంట ఉంచుకుంటారు.

మధ్యలో ఆగిపోతే?

వాలు మీద బండిని అడ్డంగా తిప్పే ప్రయత్నం అస్సలు చేయొద్దు, పల్టీ కొట్టే ప్రమాదం ఉంది. న్యూట్రల్‌లో వెనక్కి వదలడం కూడా అంతే ప్రమాదం. బ్రేక్ పట్టి ఉంచి, లో రేంజ్‌లోనే రివర్స్ గేర్ వేసి, వచ్చిన దారిలోనే నేరుగా వెనక్కి దిగాలి.

ఏ సెన్సరూ చెప్పనిది

చలికాలంలో, అంటే అక్కడ జూన్ నుంచి కొన్ని నెలలు, ఇలాంటి ట్రాక్‌లను మూసేస్తారు. మ్యాప్ యాప్ దారి చూపిస్తున్నా గేటుకు తాళం ఉండొచ్చు. బయల్దేరే ముందు పార్క్స్ విక్టోరియా వెబ్‌సైట్ చూడండి. అనుమానం వచ్చిన చోట బండి ఆపి, దిగి, ముందున్న దారిని నడిచి చూడండి. ఎక్కాలా, వెనక్కి తిరగాలా అన్నది ఏ ఫీచరూ చెప్పదు, అది మీరే తేల్చుకోవాలి.