ముప్ఫైతొమ్మిది మెట్లూ, మన విశాఖ రేవూ

గూఢచారి అనగానే మనవాళ్ళకి నల్లకళ్ళద్దాలూ, పిస్తోలూ, వెనకాల వాయిద్యాల మోతా గుర్తుకొస్తాయి. 1966లో కృష్ణగారి ‘గూఢచారి 116’ వచ్చినప్పటినించీ, మధుబాబుగారి షాడో నవలలు అద్దెపుస్తకాల షాపుల్లో చేతులు మారిన రోజులదాకా ఆ బొమ్మే మనసుల్లో నిలిచిపోయింది. కానీ గూఢచర్యానికి అసలు ముడిసరుకు లెక్క! ఈ సంగతి నాకు నేర్పింది పాతపుస్తకాల బండి మీద ముప్ఫై రూపాయలకి దొరికిన ఒక ఇంగ్లీషు నవల.

దాని పేరు ‘ది థర్టీనైన్ స్టెప్స్’. స్కాట్లండు రచయిత జాన్ బకన్ 1914లో కడుపులో పుండుతో మంచంపట్టినప్పుడు రాశాడు. 1915లో అచ్చయింది. నా ప్రతికి వెనక అట్ట లేదు. పూర్వపు యజమాని ఎవరో మొదటి ఇరవై పేజీల్లో కష్టమైన మాటల పక్కన పెన్సిలుతో తెలుగు అర్థాలు రాసుకున్నాడు. ఇరవయ్యొకటో పేజీనించి ఒక్క అర్థమూ లేదు. కథ ఆయన్ని లాక్కుపోయిందని నా ఊహ. పదో తరగతిదాకా తెలుగు మీడియంలో చదివిన నన్నూ అక్కణ్ణించే లాక్కుపోయింది.

కథ ఇది. రిచర్డ్ హానే అనే గనుల ఇంజనీరు లండన్ ఇంట్లో, ఆశ్రయం అడిగి వచ్చినవాడు హత్య అవుతాడు. అతని నోటుబుక్కులో సంకేతాల్లో ఒక ముక్క ఉంటుంది: మెట్లు ముప్ఫైతొమ్మిది, సముద్రపు పోటు రాత్రి 10 గంటల 17 నిమిషాలకి. యుద్ధమొస్తే బ్రిటిష్ నౌకాదళం ఎక్కడ మోహరిస్తుందో దొంగిలించిన శత్రువులు ఆ మెట్లు దిగి ఓడెక్కి పారిపోవాలి. ఆ మెట్లెక్కడ?

ఇక్కడే మన సైన్సు అక్కరకొస్తుంది. ముఖ్యంగా చంద్రుడి ఆకర్షణవల్ల సముద్రం చాలా తీరాల్లో సుమారు 12 గంటల 25 నిమిషాలకొకసారి పోటెత్తుతుంది. అంటే పోటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పైగా తీరం వంపునిబట్టీ, లోతునిబట్టీ ఒక్కో రేవుకి ఒక్కో వేళ. కనుక తేదీ, పోటు వేళ రెండూ తెలిస్తే తీరంలో చాలా చోట్లు కొట్టేయవచ్చు. మిగిలినచోట మెట్లు లెక్కపెడితే చాలు.

మా నాన్నకి ఇదంతా చెబితే ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. “ఇందులో ఏటుందిరా? అనకాపల్లి బెల్లం మార్కెట్టుకి తెల్లారేసరికి ఎన్ని బళ్ళొచ్చాయో చూసినోడికి ఆ పూట ధర ఎవడూ చెప్పక్కర్లేదు” అన్నారు.

ఇదే ఎత్తుని 1971లో మన విశాఖలో తిరగేసి వేశారు. విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతికి ముంచడానికి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చింది. బాయిలరు ఒకటి చెడి వేగం తగ్గిన విక్రాంత్‌ని అండమాన్ వైపు దాచి, అది ఇక్కడే ఉందని నమ్మించాలి. అందుకు విశాఖలో కంట్రాక్టర్లకి మాంసం, కూరగాయలు భారీగా ఆర్డరిచ్చారు. అంత తిండి ఏ ఓడకో వేగులు లెక్కకట్టుకుంటారని! విక్రాంత్ నావికుడెవరో తల్లి జబ్బు గురించి వాకబు చేస్తున్నట్టు ఒక మామూలు తంతి వెళ్ళింది. రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌక విక్రాంత్‌లా నటిస్తూ వైర్లెస్ సందేశాలు పంపింది. అప్పటి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ ఇదంతా తర్వాత తన పుస్తకంలో రాశారు.

డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో ఘాజీ మన రేవు బయటే మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్‌చార్జీలవల్లనని మన నౌకాదళం, లోపలి పేలుడువల్లనని పాకిస్తాన్ చెబుతాయి. అందులోని తొంభైమందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు. బీచ్‌రోడ్డులో 1996లో కట్టిన ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం ఆ యుద్ధం గుర్తే.

ఇదంతా పాత కథ అనుకునేరు. 2019 డిసెంబరులో ఓడల కదలికలు బయటపెట్టారన్న ఆరోపణపై నౌకాదళంలో ఏడుగురిని అరెస్టు చేశారు. వాళ్ళలో విశాఖలో పనిచేసేవారూ ఉన్నారు. ఫేస్‌బుక్ పరిచయాలతో వల వేశారని పోలీసులు చెప్పారు. ఆ నెలాఖరులోనే ఓడల్లో, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లని నిషేధించారు.

మిత్రులారా, మనం సాయంత్రంపూట బీచ్‌లో ఓడలకి వీపు పెట్టి ఫోటో దిగి, వేళతో చోటుతో సహా ఊరందరికీ పంపుతుంటాం. నవలలో ఒక మనిషి ప్రాణం పోగొట్టుకుని సంపాదించినవి కూడా అవే: ఒక వేళ, ఒక చోటు. ఆ ఫోటోలో మనం మన ముఖమే చూసుకుంటాం. లెక్కపెట్టేవాడు వెనకున్న ఓడని చూస్తాడు.