నూరు వరహాలు

ఇంటి వాకిట, గుడి ఆవరణలో, బడి తోటలో గుబురుగా పెరిగి, ప్రతి కొమ్మ చివరా ఎర్రని పూలగుత్తితో నిలిచే పొదను మీరందరూ చూసే ఉంటారు. తెలుగువారు దానిని నూరు వరహాలు అంటారు. వరహా అంటే విజయనగర రాజుల కాలంలో చెలామణి అయిన బంగారు నాణెం. ఒక్కొక్క గుత్తిలో చిన్న చిన్న పూలు పదుల కొద్దీ ఒత్తుగా పూస్తాయి. ఈ పేరు పెట్టినవారికి ఆ గుత్తిలో నాణేలు పోసిన పళ్ళెం కనిపించి ఉంటుంది. తమిళనాడులో ఇదే పువ్వును చూసినవారికి ఇడ్లీ గుర్తుకు వచ్చింది కాబోలు, అక్కడ దీన్ని ఇడ్లీ పూ అంటారు. ప్రాచీన తమిళ సాహిత్యంలో దీని పేరు వెట్చి. శత్రువుల పశువుల మందలను తోలుకొని రావడానికి వెళ్ళే వీరులు ఈ పూలను ధరించినట్లు ఆ సాహిత్యం చెబుతుంది. కన్నడ కోస్తాలో ఇది కేపళ, మలయాళంలో తెచ్చి. శాస్త్రనామం ఇక్సోరా కాక్సీనియా. లిన్నేయస్ 1753లో ప్రచురించిన గ్రంథంలో ఈ పేరు ఉంది. ‘ఈశ్వర’ శబ్దమే పోర్చుగీసువారి నోట మారి ‘ఇక్సోరా’ అయిందని చెబుతారు. ఇది కాఫీ మొక్క కుటుంబానికి చెందినది.

దక్షిణ భారతదేశం, శ్రీలంక ఈ మొక్కకు పుట్టినిళ్ళు. పడమటి తీరాన జేగురు రంగు రాతి నేలల మీద ఇది దానంతట అదే పెరుగుతుంది. విస్తారంగా వానలు కురిసే ఆ నేలల్లో సున్నం కొట్టుకుపోయి ఆమ్లగుణం మిగులుతుంది. ఈ సంగతి తెలిస్తే ఈ మొక్క పెంపకంలో సగం తెలిసినట్లే.

కొత్తగా ప్రహరీ గోడ కట్టించినవారు దాని పక్కనే నూరు వరహాలు వరుసగా నాటిస్తారు. మొదటి ఏడు బాగానే ఉంటుంది. తరువాత లేత ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటాయి. మొక్కకు బలం చాలలేదని యజమాని యూరియా వేస్తాడు, నీళ్ళు మరింత పోస్తాడు. పసుపు ఇంకా పెరుగుతుంది. నత్రజని లోపమైతే ముందుగా ముదురాకులు పాలిపోవాలి. ఇక్కడ పాలిపోయినవి లేతాకులు. కాబట్టి ఇది ఇనుము లోపం. ఆ మట్టిలో ఇనుము లేక కాదు. గోడ నుండి, పునాదిలో పడిన సిమెంటు, సున్నపు పెళ్ళల నుండి మట్టిలోకి క్షారగుణం దిగుతుంది. క్షారపు నేలలో ఇనుము నీటిలో కరగదు. కరగనిదానిని వేరు పీల్చుకోలేదు. గాదె నిండా ధాన్యం ఉన్నా తాళం చెవి లేని ఇంటి పరిస్థితి ఇది. ఉప్పదనం గల బోరు నీరు కూడా తరచుగా ఈ పనే చేస్తుంది.

ఇందుకు తాత్కాలిక చికిత్స ఉంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, వారం వారం రెండు మూడు సార్లు సాయంత్రం వేళ ఆకుల మీద చల్లాలి. కొత్త చిగుళ్ళు పచ్చగా వస్తాయి. కాని మట్టి మారకపోతే రోగం తిరిగి వస్తుంది. అందుచేత నాటేటప్పుడే గోడకు మూడడుగులు ఎడంగా గుంట తీసి, సున్నపు పెళ్ళలు ఏరివేసి, ఎర్రమట్టి, బాగా చివికిన ఆకు ఎరువు కలిపి నింపడం మేలు. రోజుకు నాలుగైదు గంటలైనా ఎండ తగలాలి. నీడలో మొక్క ఆకులకే పరిమితమవుతుంది.

వానాకాలంలో పెన్సిలంత లావు కొమ్మలను జానెడు ముక్కలుగా కోసి, ఇసుక కలిపిన మట్టిలో నాటి, నీడన తడి ఆరకుండా ఉంచితే ఒకటి రెండు నెలల్లో వేళ్ళు పుడతాయి. అంటు తొక్కినా వస్తుంది.

కత్తెర విషయంలోనే చాలామంది పొరబడతారు. ఈ మొక్కకు పూలగుత్తి కొమ్మ చివరనే పుడుతుంది. కంచె చదునుగా కనిపించాలని పక్షానికొకసారి పైభాగం కత్తిరిస్తూ పోతే, కత్తెరకు తెగిపడేవి రేపటి మొగ్గలే. అటువంటి కంచె ఏళ్ళ తరబడి పచ్చగా ఉంటుంది, పూయదు. పూలు వాడిన తరువాత ఆ గుత్తిని దాని కింది ఆకుల జంటతో సహా తుంచాలి. ఈ మొక్కకు ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. తుంచిన చోటికి దిగువనున్న జంట మొదళ్ళ నుండి సాధారణంగా రెండు రెమ్మలు వస్తాయి; రెండింటి చివరా గుత్తులు పుడతాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. పొద బాగా పెరిగిపోయి గట్టిగా కత్తిరించవలసి వస్తే తొలకరి వేళ మంచిది, నడివేసవి పనికిరాదు.

కొమ్మల మీద చీమల బారు కనిపిస్తే వాటిని తిట్టుకోకుండా ఆకుల అడుగు భాగం చూడాలి. అక్కడ పొలుసు పురుగులో పిండినల్లో చేరి రసం పీలుస్తూ తియ్యని జిగురు విసర్జిస్తుంటాయి. చీమలు వచ్చింది ఆ జిగురు కోసం. దానికి బదులుగా అవి ఆ పురుగులకు కాపలా కాస్తాయి. జిగురు పడిన ఆకుల మీద నల్లని మసి తెగులు పడుతుంది. సబ్బునీటిలో ముంచిన గుడ్డతో తుడిచి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి చల్లితే చాలు. అయితే సీతాకోకచిలుకలు తిరిగే వేళ చల్లరాదు. ఈ పువ్వు గొట్టం సన్నగా, పొడుగ్గా ఉంటుంది. అడుగున ఉన్న తేనెను అందుకోవడానికి సీతాకోకచిలుక తొండం వంటిదే కావాలి. పువ్వు విచ్చకముందే పుప్పొడి కీలం మీదికి చేరి ఉంటుంది. తేనె కోసం వచ్చిన సీతాకోకచిలుకకు అది అంటుకొని మరో పువ్వుకు వెళుతుంది. కొన్నాళ్ళకు అక్కడ చిన్న కాయలు కాసి, ఎర్రబడి, నల్లగా పండుతాయి. పక్షులు వాటిని తింటాయి.