మన గుడి గోడ మీది శాసనం ఎవరు చదువుతారు?

బీటెక్ వాడికి మధ్యయుగ చరిత్రతో పనేంటి అనకండి. మన శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగం గుడిలో తూర్పు గాంగుల శాసనాలున్నాయి. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో స్కూల్ మాస్టారుగా ఉంటూనే, ఆ లిపిని సొంతంగా నేర్చుకుని వాటిని చదివారు.

మరి ఇప్పుడు? ఎంఏ హిస్టరీ వాళ్లు యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే, పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకి 37,000 రూపాయలు వస్తాయి. జనరల్ వాళ్లకి వయసు పరిమితి 30 ఏళ్లు, గుర్తుంచుకోండి. అది రాకపోతే, పీహెచ్‌డీలో చేరాక ఐసీహెచ్‌ఆర్ ఫెలోషిప్‌కి అప్లై చేయొచ్చు.

కానీ ఫెలోషిప్ వచ్చాక లిపి నేర్చుకుందాంలే అనుకోవద్దు. పాత తెలుగు లిపి, కాస్త సంస్కృతం ఎంఏలోనే మొదలెట్టండి. శాసనం చదవడం రాకపోతే, ఇంకొకరు చదివి చెప్పిందే మనమూ మళ్లీ రాయాలి. ఏమంటారు?